కప్పు ఒకరిది, కెమెరా మరొకరిది

1975లో మన దేశం రెండు ప్రపంచ కప్పుల్లో ఆడింది. మార్చిలో హాకీ, జూన్‌లో క్రికెట్. మొదటిది గెలిచి ఇంటికి తెచ్చుకున్నాం. రెండోదానిలో ఈస్ట్ ఆఫ్రికా మీద తప్ప ఎవరి మీదా గెలవలేక, సెమీఫైనల్ గడప తొక్కకుండానే తిరిగొచ్చాం. రాబోయే యాభై ఏళ్లలో ఈ రెండింటిలో ఏ ఆట మన పిల్లల్ని వెర్రెత్తిస్తుందని ఆ ఏడాది ఎవరైనా పందెం వేసి ఉంటే, హాకీ మీద డబ్బు పెట్టినవాణ్ణి ఎవరూ అమాయకుడని అనుకొని ఉండరు.

ఆ పందెం ఎలా తిరగబడిందో వెతకాలంటే హాకీ, క్రికెట్ రికార్డులు తిరగేస్తే సరిపోదు. అదే ఏడాది వింబుల్డన్‌లో, మనీలాలో, బోస్టన్‌లో జరిగినవి కూడా పక్కన పెట్టుకుని చూడాలి. ఎవరు గెలిచారన్న ప్రశ్న పక్కకు జరిగి, ఎవరు చూపిస్తున్నారు, ఎవరు డబ్బు కడుతున్నారు అన్న ప్రశ్న ముందుకొచ్చిన ఏడాది అది.

ముందు హాకీ. 1973లో ఆమ్‌స్టెల్‌వీన్‌లో జరిగిన రెండో ప్రపంచ కప్పు ఫైనల్లో మనవాళ్లు రెండు గోల్స్ ఆధిక్యంలో ఉండి కూడా నెదర్లాండ్స్‌ను వదిలేశారు. చివరికి పెనాల్టీ స్ట్రోకుల్లో ఓడిపోయారు. ఆ మంట చల్లారకముందే మూడో కప్పు వచ్చింది, కౌలాలంపూర్‌లో. జట్టుకు శిక్షణ శిబిరం చండీగఢ్‌లో పెట్టారు. జ్ఞానీ జైల్‌సింగ్ ముఖ్యమంత్రిగా ఉన్న పంజాబ్ ప్రభుత్వం ఆ ఖర్చు నెత్తిన వేసుకుంది. మూడు ఒలింపిక్ స్వర్ణాల వీరుడు బల్బీర్ సింగ్ సీనియర్ మేనేజరు. అజిత్‌పాల్ సింగ్ కెప్టెన్.

ప్రయాణం నల్లేరు మీద నడకేమీ కాదు. ఘనాను 7-0తో చిత్తు చేసిన జట్టే అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడింది. పశ్చిమ జర్మనీని 3-1తో కొట్టాక గానీ సెమీఫైనల్ ఖాయం కాలేదు. అక్కడ ఎదురుగా ఆతిథ్య దేశం మలేసియా. మెర్డెకా స్టేడియం కిక్కిరిసి ఉంది. అంతా మలేసియా గొంతే. ఆట డెబ్బై నిమిషాలది. అరవై అయిదో నిమిషం దాకా మనం 1-2తో వెనకబడే ఉన్నాం.

అప్పుడు పెనాల్టీ కార్నర్ దొరికింది. బెంచీ మీద కూర్చున్న అస్లాం షేర్‌ఖాన్‌ను మైకేల్ కిండో స్థానంలో లోపలికి పంపారు. భోపాల్ కుర్రాడు. వాళ్ల నాన్న అహ్మద్ షేర్‌ఖాన్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ధ్యాన్‌చంద్ జట్టు సభ్యుడు. మెడలోని తావీదును ముద్దు పెట్టుకుని కొట్టిన దెబ్బ నేరుగా గోల్లోకి వెళ్లింది. టోర్నీ అంతా పక్కన కూర్చోబెట్టిన ఆటగాడికి ఒకే ఒక్క బంతి ఇచ్చి దేశం పరువు నిలబెట్టమనడం ఎంత దారుణమో ఆలోచించండి. అదనపు సమయంలో హర్‌చరణ్ సింగ్ గోల్ కొట్టి 3-2తో గట్టెక్కించాడు.

మార్చి 15న ఫైనల్. ఎదురుగా పాకిస్తాన్. బంగ్లాదేశ్ యుద్ధం ముగిసి మూడేళ్లు దాటింది అంతే. రెండు దేశాల మధ్య క్రికెట్ ఆగిపోయి పధ్నాలుగేళ్లు. హాకీ ఒక్కటే ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెడుతోంది. జాహిద్ షేక్ పాకిస్తాన్‌కు మొదటి గోల్ ఇచ్చాడు. రెండో సగంలో సుర్జీత్ సింగ్ పెనాల్టీ కార్నర్‌తో సమం చేశాడు. కాసేపటికి అశోక్ కుమార్ కొట్టిన బంతి గోల్‌పోస్టు లోపలి మూలకు తగిలి బయటికి వచ్చేసింది. గోలా, కాదా? పాకిస్తాన్ ఆటగాళ్లు అంపైరు విజయనాథన్‌ను చుట్టుముట్టారు. ఆయన గోల్ అన్నాడు, అంతే. 2-1. ఈనాటి లాగా మరో కోణంలో, నెమ్మదిగా, గీతలు గీసి చూపించే వీలుంటే ఆ గోల్ మీద ఎన్ని రోజుల చర్చలు నడిచేవో! అశోక్ కుమార్ ధ్యాన్‌చంద్ కొడుకు. మూడు ఒలింపిక్ స్వర్ణాలు తెచ్చిన తండ్రి కాలంలో ప్రపంచ కప్పు లేదు. ఆ లోటు కొడుకు తీర్చాడు.

ఈ గోల్‌ను మన దేశం చూడలేదు, విన్నది. జస్‌దేవ్ సింగ్ హిందీ వ్యాఖ్యానం ఆకాశవాణిలో ఊరూరా మోగింది. అప్పటికి టెలివిజన్ అంటే ఢిల్లీ, బొంబాయి లాంటి నాలుగు ఊళ్లకే. మన హైదరాబాదుకు దూరదర్శన్ కేంద్రం రావడానికి 1977 అక్టోబరు దాకా ఆగాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే, నగరం కంటే ముందు పల్లె టీవీ చూసింది. 1975 ఆగస్టు 1న మొదలైన సైట్ ప్రయోగం కింద అమెరికా వాళ్ల ఉపగ్రహాన్ని ఏడాదిపాటు అద్దెకన్నట్టు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు కార్యక్రమాలు పంపారు. అందులో కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెలూ ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు ముందో, బడి ఆవరణలోనో సాయంత్రం పెట్టె తెరిస్తే ఎరువుల సంగతులు, పిల్లల ఆరోగ్యం, నాట్యం వచ్చేవి. ఆకాశంలోంచి బొమ్మ దిగిరావడం రాయలసీమ రైతుకు ఆ ఏడాదే తెలిసింది. ఆ బొమ్మలో ఆట లేదు.

హాకీ ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలుసు. పదహారు నెలలకే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో తొలిసారి కృత్రిమ మైదానం పరిచారు. గడ్డి మీద బంతిని కర్రకు అంటించుకుని పరుగెత్తే మనవాళ్లకు ఆ చాప మీద కాలు కుదరలేదు. ఏడో స్థానం. ప్రపంచ కప్పు మళ్లీ మన చేతికి రానేలేదు. టీవీ లేకనే హాకీ చచ్చిపోయిందని కొందరు తేల్చేస్తారు. నేనంత దూరం పోను. ఖరీదైన కృత్రిమ మైదానాలు వేయలేని పేదరికం ఉంది, సమాఖ్యల్లో కుమ్ములాటలున్నాయి. పైగా క్రికెట్‌కు జనం టీవీ రాకముందే ఉన్నారు. అదే 1975 జనవరిలో మద్రాసు చెపాక్‌లో వెస్టిండీస్ బౌలర్ ఆండీ రాబర్ట్స్ ఏడు వికెట్లు తీసి మన జట్టును 190కి కుప్పకూలుస్తుంటే, గుండప్ప విశ్వనాథ్ ఒక్కడే నిలబడి 97 నాటౌట్‌గా మిగిలాడు. ఆ సెంచరీ కాని సెంచరీని ట్రాన్సిస్టరు చెవికి ఆనించుకుని విన్నవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ టెస్టు గెలిచి, 0-2తో వెనకబడిన సిరీస్‌ను 2-2 చేశాం. అయిదో టెస్టులో క్లైవ్ లాయిడ్ 242 నాటౌట్‌తో వచ్చి సిరీస్ లాక్కుపోయాడనుకోండి, అది వేరే సంగతి.

జనం ఉన్నారు, సరే. అయిదు రోజుల ఆటను ఒక రోజుకు కుదించి, దానికో బీమా కంపెనీ పేరు తగిలించి, టీవీకి పనికొచ్చేట్టు చేసిన తెలివి మాత్రం ఇంగ్లండుది. 1975 జూన్ 7 నుంచి 21 దాకా ప్రుడెన్షియల్ కప్పు. ఇన్నింగ్స్‌కు 60 ఓవర్లు. తెల్ల బట్టలు, ఎర్ర బంతి. ఎనిమిది జట్లు. వర్ణవివక్ష కారణంగా దక్షిణాఫ్రికాకు చోటు లేదు. విజేతకు ఇచ్చింది 4,000 పౌండ్లు. ఇప్పటి ఐపీఎల్ వేలంలో ఆ మొత్తానికి కిట్ బ్యాగు మోసే కుర్రాడు కూడా తిరిగి చూడడు.

మొదటి రోజే లార్డ్స్‌లో మన పరువు పోయింది. డెన్నిస్ ఆమిస్ 137 కొట్టగా ఇంగ్లండు 4 వికెట్లకు 334 చేసింది. చివర్లో క్రిస్ ఓల్డ్ 30 బంతుల్లో 51. జవాబుగా సునీల్ గవాస్కర్ మొదటి ఓవరు నుంచి అరవయ్యో ఓవరు దాకా క్రీజులోనే ఉన్నాడు. 174 బంతులు ఆడాడు. 36 పరుగులు చేశాడు. నాటౌట్. భారత్ స్కోరు 3 వికెట్లకు 132. అంటే వికెట్లు చేతిలో పెట్టుకుని 202 పరుగుల తేడాతో ఓడాం. విసిగిన మనవాళ్లే మైదానంలోకి పరుగెత్తి కొట్టమని బతిమాలారు. మేనేజరు రామ్‌చంద్ బాహాటంగానే మండిపడ్డాడు. ఎందుకలా ఆడాడన్న ప్రశ్నకు ఎన్ని జవాబులు వచ్చినా ఏదీ సరిపోలేదు. నాకు తోచేది ఒకటే. ఆయన ఆడింది టెస్టు మ్యాచ్, మిగతావాళ్లు ఆడుతున్నది ఇంకేదో. గెలవలేని మ్యాచ్‌ను కనీసం ఓడకుండా చూడటం టెస్టుల్లో గొప్ప విద్య. ఆ విద్యలో ఆరితేరినవాడు కొత్త బడిలోకి పాత పలకతో వెళ్లాడు.

కొత్త బడి సంగతి ముందే పట్టుకున్నవాడు మన జట్టులో ఒకడుంటే, అతను హైదరాబాదీ సయ్యద్ ఆబిద్ అలీ. మీడియం పేస్ వేస్తాడు, ఎక్కడ దింపితే అక్కడ బ్యాటింగు చేస్తాడు, వికెట్ల మధ్య చిరుతలా ఉరుకుతాడు, ఫీల్డింగులో నేలకు అంటుకుపోతాడు. 1971లో ఓవల్ మైదానంలో ఇంగ్లండు మీద చారిత్రక గెలుపుకు ఆఖరి ఫోరు కొట్టింది అతనే. 1975లో సెమీఫైనల్‌కు తప్పక గెలవాల్సిన న్యూజిలాండ్ మ్యాచ్‌లో మిగతావాళ్లు తడబడితే 70 పరుగులతో జట్టులో ఎక్కువ స్కోరు తనే చేశాడు. అవతల గ్లెన్ టర్నర్ 114 నాటౌట్‌గా నిలబడటంతో ఆ శ్రమ బూడిదలో పోసిన పన్నీరైంది. పదేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే వన్డే వీరుడయ్యేవాడు. తర్వాతి రోజుల్లో ఆంధ్ర రంజీ జట్టుకు కోచ్‌గా పనిచేశాడు. కాలిఫోర్నియాలో స్థిరపడి, 2025 మార్చిలో అక్కడే కన్నుమూశాడు.

ఆ కప్పులో హైదరాబాదు వాడు ఇంకొకడూ ఉన్నాడు, అటు పక్క. పాకిస్తాన్ కెప్టెన్‌గా టోర్నీ మొదలుపెట్టిన ఆసిఫ్ ఇక్బాల్ పుట్టిందీ, ఆట నేర్చిందీ మన హైదరాబాదులోనే. ఒకప్పటి భారత కెప్టెన్ గులాం అహ్మద్‌కు స్వయానా మేనల్లుడు. 1961లో పాకిస్తాన్ వెళ్లక ముందు హైదరాబాదు జట్టుకు రంజీ ఆడాడు. ఒక మ్యాచ్ అయ్యాక అనారోగ్యంతో అతను తప్పుకోవడంతో మజీద్ ఖాన్ పగ్గాలు పట్టాడు. వెస్టిండీస్‌తో ఆ రెండో మ్యాచ్‌లోనే పాకిస్తాన్ కొంప మునిగింది. 267 లక్ష్యానికి వెస్టిండీస్ 203కే తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. ఇంకేముంది, అయిపోయిందనుకున్నారు. డెరిక్ ముర్రే, పదకొండో ఆటగాడు ఆండీ రాబర్ట్స్ కలిసి ఆ 64 పరుగులూ తీసేశారు, ఇంకా రెండు బంతులు మిగిలుండగా.

ఆ గెలుపే లేకపోతే ఫైనల్ లేదు, లాయిడ్ సెంచరీ లేదు. జూన్ 21, ఏడాదిలో అన్నింటికంటే పొడవైన పగలు. లండన్‌లో ఉదయం పదకొండుకు మొదలైన ఆట రాత్రి తొమ్మిది కావస్తుండగా ముగిసింది. లాయిడ్ 85 బంతుల్లో 102 చేశాడు. వెస్టిండీస్ 291. ఆస్ట్రేలియా దాన్ని అందుకునేలాగే కనిపించింది. అయిదుగురు రనౌట్ కాకపోతే అందుకునేదేమో. ఆ అయిదింట్లో మూడు, బ్యాటుతో ఆ రోజు ఏమీ చేయలేకపోయిన వివియన్ రిచర్డ్స్ అనే కుర్రాడి పని. చివరి వికెట్‌కు లిల్లీ, థామ్సన్ 41 పరుగులు జోడించి గుండెలు ఆపినంత పని చేశారు. మధ్యలో ఒక నోబాల్‌కు క్యాచ్ పట్టగానే ఆట అయిపోయిందనుకుని జనం మైదానంలోకి ఎగబడ్డారు. బంతి ఆ గుంపులో ఎక్కడో పోయింది. వాళ్లిద్దరూ మాత్రం పరుగులు తీస్తూనే ఉన్నారు. 17 పరుగులతో వెస్టిండీస్ గెలిచింది. ఒకప్పుడు చెరుకు తోటల్లో బానిసలుగా, కూలీలుగా బతికిన వాళ్ల మనవళ్లు ఆ దొరల సొంత గడ్డ మీద కప్పెత్తారు. నాలుగు రోజుల తర్వాత మన దేశంలో ఎమర్జెన్సీ వచ్చింది. పేపర్లలో క్రికెట్ కబుర్లకే కాదు, చాలా కబుర్లకు చోటు లేకుండా పోయింది.

మనవాళ్లు హాకీ గెలిచిన మెర్డెకా స్టేడియం గుర్తుందిగా. 1957లో మలయా స్వాతంత్ర్యం ప్రకటించింది ఆ మైదానంలోనే. జులై 1న అక్కడికి మహమ్మద్ అలీ దిగాడు. జో బగ్నర్‌తో పదిహేను రౌండ్లు ఆడి పాయింట్ల మీద గెలిచాడు. ఆ పోటీని ఇప్పుడెవరూ తలచుకోరు. అలీ ఒక్కో దేశం తిరుగుతూ పోటీలు పెట్టడం వెనక ఉన్న లెక్క మాత్రం తలచుకోదగ్గది. ముందు ఏడాది జైర్‌లో మొబుటు, ఇప్పుడు మలేసియా, తర్వాత ఫిలిప్పీన్స్‌లో మార్కోస్. దేశం పేరు ప్రపంచపు నోళ్లలో నానాలనుకున్న ప్రతి పాలకుడికీ అలీ ఒక ప్రకటన బోర్డు. 1972 నుంచి సైనిక శాసనం కింద ఉన్న ఫిలిప్పీన్స్‌కు, పోలీసు లాఠీల మీంచి చూపు తిప్పడానికి ఇంతకంటే మంచి సాధనం దొరకదు.

అక్టోబరు 1, మనీలా శివారు క్వెజాన్ సిటీలో అరానెటా కొలీజియం. పోటీ పొద్దున్నే పెట్టారు. పదిన్నర దాటాక గంట కొట్టారు. ఎందుకు? అమెరికాలో అది రాత్రి. టీవీ చూసేవాడి సౌకర్యం కోసం కొట్టుకునేవాళ్లు ఉష్ణమండలపు ఎండలో చెమట కక్కాలి. లోపల జనం, టీవీ దీపాలు, పైన వేడెక్కిన కప్పు. అలీ, జో ఫ్రేజియర్ల మధ్య అది మూడో పోరు. చెరొకటి గెలిచారు. పోటీకి ముందు అలీ రబ్బరు గొరిల్లా బొమ్మ పట్టుకుని ఫ్రేజియర్‌ను ఎగతాళి చేశాడు. సాటి నల్లవాణ్ణి అలా అవమానించడం అలీ జీవితంలో అందమైన అధ్యాయం కాదు. ఫ్రేజియర్ దశాబ్దాల పాటు ఆ మాటలు మరిచిపోలేదు.

పధ్నాలుగు రౌండ్లు. మొదట అలీ, మధ్యలో ఫ్రేజియర్, చివర మళ్లీ అలీ. ఫ్రేజియర్‌కు ఎడమ కన్ను ముందే సరిగా కనబడదు. ఆ సంగతి లోకానికి తెలియదు. కుడి కన్ను వాచి మూసుకుపోయింది. పదిహేనో రౌండుకు లేవబోతుంటే శిక్షకుడు ఎడ్డీ ఫచ్ భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఫ్రేజియర్ వద్దన్నాడు, ఫచ్ వినలేదు. రింగులో మనుషులు చనిపోవడం కళ్లారా చూసినవాడు ఆయన. అవతలి మూలలో అలీ నిలబడి చేతులెత్తి అంతలోనే కూలబడ్డాడు. చావుకు అంత దగ్గరగా ఎప్పుడూ వెళ్లలేదని తర్వాత తనే చెప్పుకున్నాడు. ఇద్దరిలో ఎవరికీ ఆ తర్వాత పాత ఒళ్లు తిరిగి రాలేదు.

ఆ పోటీలో లాభపడ్డది వేరేవాళ్లు. హెచ్‌బీవో అనే చిన్న కేబుల్ సంస్థ ఆ రాత్రే ఉపగ్రహం ద్వారా ప్రసారం మొదలుపెట్టింది. ఫ్లోరిడా, మిసిసిపీల్లోని కొద్దిపాటి చందాదారులు ఇంట్లో కూర్చుని మనీలాను చూశారు. టికెట్టు కొని సినిమా హాల్లో చూడాల్సిన దాన్ని నెల చందాతో ఇంటికి దింపే వ్యాపారం ఉపగ్రహమెక్కింది అక్కడే. మన పల్లెల్లో పంటల పాఠం చెప్పే పెట్టె, అక్కడ పిడిగుద్దులు చూపే పెట్టె, రెండూ ఒకే రెండు నెలల వ్యవధిలో ఉపగ్రహాన్ని పట్టుకున్నాయి.

మనీలాకు ఆ ఏడాది ఇంకో పోటీ కూడా దక్కాల్సింది. ప్రపంచ చెస్ చాంపియన్‌షిప్పు కోసం మార్కోస్ ప్రభుత్వం ఏకంగా 50 లక్షల డాలర్లు ఇస్తామంది. చదరంగానికి కనీవినీ ఎరుగని సొమ్ము. చాంపియన్ బాబీ ఫిషర్ ఒప్పుకోలేదు. అతనికి డబ్బు కాదు, షరతులు కావాలి. పది గేములు గెలిచినవాడే విజేత, డ్రాలు లెక్కలోకి రావు, స్కోరు 9-9కి వస్తే కిరీటం చాంపియన్‌దే. మొదటి రెంటినీ ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే సరేనంది, మూడోది కాదంది. ఏప్రిల్ 3న అధ్యక్షుడు మాక్స్ యూవే అనటోలీ కార్పోవ్‌ను విజేతగా ప్రకటించాడు. ఒక్క పావు కదపకుండా మారిన కిరీటం అది. మనకు సంబంధించిన సంగతి మూడేళ్ల తర్వాత జరిగింది. 1978లో ఫిలిప్పీన్స్‌లోని బాగియోలో కార్పోవ్, కోర్చ్‌నోయ్ ఆడారు. ఆ వేడిలో మనీలా టీవీ రోజూ చెస్ పాఠాలు, పజిళ్లు చూపేది. తండ్రి ఉద్యోగం వల్ల అప్పుడు అక్కడ ఉన్న తమిళ కుర్రాడు విశ్వనాథన్ ఆనంద్ బడికి పోతే, ఆ పజిళ్లను తల్లి రాసిపెట్టేది. తర్వాతి కథ మనకు తెలిసిందే.

వింబుల్డన్‌కు వద్దాం. జులై 5. జిమ్మీ కానర్స్ ఫైనల్ దాకా ఒక్క సెట్టు కూడా పోగొట్టుకోలేదు. వయసు 22. ఎదురుగా ఆర్థర్ యాష్, మరో అయిదు రోజుల్లో 32 నిండుతాయి. కానర్స్ అప్పటికే యాష్ మీద పరువు నష్టం దావా వేసి ఉన్నాడు. ఆటగాళ్ల సంఘానికి అధ్యక్షుడు యాష్. దేశం కోసం డేవిస్ కప్పు ఆడనన్న కానర్స్‌ను విమర్శించాడు. ఆ రోజు యాష్ అమెరికా డేవిస్ కప్పు జాకెట్టు తొడుక్కుని కోర్టులోకి వచ్చాడు. నోరు విప్పకుండా చెప్పదలచుకున్నది చెప్పేశాడు.

అసలు గొప్పతనం ఆటలో ఉంది. బలంగా కొట్టడం యాష్‌కు అలవాటు. కానర్స్‌కు కావలసింది అదే, వచ్చిన వేగాన్నే వాడుకుని రెట్టింపుగా తిప్పికొడతాడు. అందుకే యాష్ తన ఆటనే మార్చేశాడు. మెత్తటి బంతులు, కిందకు జారే బంతులు, వెడల్పుగా సర్వీసు, ముందుకొస్తే తల మీంచి లాబ్. విరామాల్లో కళ్లు మూసుకుని కూర్చున్నాడు. 6-1, 6-1, 5-7, 6-4. వింబుల్డన్ గెలిచిన తొలి నల్ల పురుషుడు. అంతకుముందు ఏడాది మన విజయ్, ఆనంద్ అమృతరాజ్‌లు డేవిస్ కప్పు ఫైనల్ చేరి కూడా, ప్రత్యర్థి దక్షిణాఫ్రికా అయినందుకు మన దేశం ఆడలేదు. ఆ కప్పు ఆట లేకుండానే వాళ్లకు పోయింది. అలాంటి రోజుల్లో యాష్ గెలుపు మన పేపర్లకు దూరపు వార్త కాలేదు.

ఆ ఏడాది ఏప్రిల్‌లోనే రెండు రోజుల తేడాతో నల్లవాళ్లకు ఇంకో రెండు తలుపులు తెరుచుకున్నాయి. ఏప్రిల్ 8న క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టుకు ఫ్రాంక్ రాబిన్సన్ తొలి నల్ల మేనేజరుగా దిగి, ఆటగాడిగా తన మొదటి అవకాశంలోనే హోమ్‌రన్ కొట్టాడు. పదో తేదీన అగస్టా మాస్టర్స్ గోల్ఫ్‌లో లీ ఎల్డర్ ఆడాడు, తొలి నల్ల పోటీదారుగా. టైటిల్ జాక్ నిక్లాస్‌ది.

మిగతా ఫలితాల్లో, ఫార్ములా వన్‌లో ఫెరారీకి నికీ లాడా కిరీటం తెచ్చాడు. టూర్ ద ఫ్రాన్స్‌లో ఎడ్డీ మెర్క్స్‌ను కొండెక్కుతుండగా ఒక ప్రేక్షకుడు పొట్టలో గుద్దాడు. మెర్క్స్ ఆరో టైటిల్ కల సాటి సైక్లిస్టు తెవెనే చేతిలో కూలింది. బార్సిలోనా ఫార్ములా వన్ రేసులో బోల్టులు బిగించని ఇనుప కంచె చూసి డ్రైవర్లు కార్లు నడపబోమన్నా పోటీ జరిపించారు. కారు ఎగిరి జనంలో పడి ప్రాణాలు పోయాయి. సగంలో ఆపేసిన ఆ రేసులో ఆరో స్థానంలో ఉన్న ఇటలీ మహిళ లెల్లా లొంబార్డికి అర పాయింటు వచ్చింది. ఫార్ములా వన్ చరిత్రలో ఒక ఆడమనిషికి దక్కిన పాయింట్లు మొత్తం ఇప్పటికీ అంతే, అర.

జపాన్ గృహిణి జుంకో తాబేయ్ మే 16న ఎవరెస్టు ఎక్కింది. ఆ శిఖరం మీద కాలు పెట్టిన తొలి మహిళ. పన్నెండు రోజుల ముందు మంచు చరియ కింద పూడిపోయి షెర్పాలు లాగితే బతికింది. ఆ యాత్రకు డబ్బు అడిగితే, ఇంట్లో పిల్లల్ని చూసుకోమన్నారు. పియానో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టింది, కారు సీట్ల తొడుగులతో చేతి తొడుగులు కుట్టుకుంది. ఆఖర్న చేయందించింది ఎవరనుకున్నారు? ఒక దినపత్రిక, ఒక టీవీ సంస్థ.

రిటైరై ఇంట్లో ఉన్న పీలేను జూన్‌లో న్యూయార్క్ కాస్మోస్ కొనుక్కుంది. దాని యజమాని సినిమాలు, పాటల రికార్డులు అమ్మే వార్నర్ కంపెనీ. పీలే తొలి మ్యాచ్‌కు మైదానంలో గడ్డి లేని చోట్ల పచ్చరంగు పూశారు, టీవీలో బాగుండాలని. ఆట తర్వాత కాళ్లకు పచ్చగా అంటుకున్నది చూసి పీలే ఏదో చర్మరోగమని హడలిపోయాడట. 1977లో అదే కాస్మోస్ కలకత్తా వచ్చి మోహన్‌బగాన్‌తో 2-2గా ఆడింది.

అక్టోబరు 21న బోస్టన్‌లో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్. అర్ధరాత్రి దాటాక పన్నెండో ఇన్నింగ్స్‌లో కార్ల్‌టన్ ఫిస్క్ కొట్టిన బంతి ఎడమ గీత మీదుగా ఎగిరింది. లోపల పడుతుందా, బయట పడుతుందా? నియమం ప్రకారం కెమెరా బంతి వెంట పోవాలి. స్కోరుబోర్డు లోపల కూర్చున్న కెమెరామన్ కాళ్ల దగ్గర ఒక పందికొక్కు తిరుగుతోందట. దాని భయానికి కెమెరా తిప్పలేక ఫిస్క్ మీదే ఉంచేశాడు. లోపలికి పో, లోపలికి పో అన్నట్టు రెండు చేతులూ ఊపుతూ గెంతుతున్న ఆ మనిషిని అమెరికా అంతా చూసింది. బంతిని కాక ముఖాన్ని చూపించడం అక్కణ్నుంచి టీవీకి అలవాటైంది. సిరీస్ గెలిచింది సిన్సినాటి. జనానికి గుర్తున్నది ఓడిన బోస్టన్ జట్టులోని ఫిస్క్.

ఏడాది చివరి పెద్ద ఫలితం మైదానంలో రాలేదు. డిసెంబరు 23న పీటర్ సీట్జ్ అనే మధ్యవర్తి ఒక తీర్పు రాశాడు. అమెరికా బేస్‌బాల్‌లో ఆటగాడు ఒకసారి సంతకం పెడితే జట్టు వదిలేదాకా దానికే కట్టుబడి ఉండాలి. ఒప్పందం ముగిసినా ఏడాదికేడాది జట్టే దాన్ని పొడిగించుకోవచ్చు. ఆండీ మెస్సర్‌స్మిత్, డేవ్ మెక్‌నాలీ అనే ఇద్దరు బౌలింగ్ వీరులు ఏడాదంతా సంతకం పెట్టకుండా నిలిచి, ఆటగాళ్ల సంఘం నాయకుడు మార్విన్ మిల్లర్ అండతో ప్రశ్నించారు. పొడిగింపు ఒక్క ఏడాదికే చెల్లుతుంది, ఆపైన ఆటగాడు స్వేచ్ఛాజీవి అన్నాడు సీట్జ్. యజమానులు ఆయన్ని వెంటనే ఉద్యోగంలోంచి తీసేసి కోర్టుకు పోయారు. కోర్టు ఆయన తీర్పునే నిలబెట్టింది. రెండేళ్లకు కెరీ పాకర్ అనే టీవీ యజమాని క్రికెటర్లను గుత్తగా కొన్నప్పుడు లండన్ కోర్టులోనూ ఆటగాళ్లే గెలిచారు.

స్వేచ్ఛ పొందిన మెస్సర్‌స్మిత్ 1976లో అట్లాంటా జట్టులో చేరాడు. ఆ జట్టు యజమాని టెడ్ టర్నర్‌కు ఊళ్లో ఓ టీవీ స్టేషను ఉంది, పదిహేడో నంబరు చానల్. మెస్సర్‌స్మిత్‌కు జెర్సీ నంబరు 17 ఇచ్చి, పైన పేరు ఉండాల్సిన చోట 'చానల్' అని కుట్టించాడు. లీగ్ వాళ్లు చూసి తీయించే దాకా అతను ఆ చొక్కాతోనే ఆడాడు.